యారాడలో నిలిచే టోన్

ఇంట్లో గంటల తరబడి కూర్చుని కుదుర్చుకున్న గిటార్ టోన్ యారాడ ఇసుక మీద రెండో పాటకే పలచబడిపోతుంది. విశాఖలో ఆరుబయట కార్యక్రమాలు చేసే గిటారిస్టుల్లో దీన్ని చవిచూడనివాళ్ళు అరుదు. చాలామందికి అక్కడితో తమ యాంప్ మీద నమ్మకం పోతుంది. ఇంకా పెద్దది కొనాలనిపిస్తుంది. కొనక్కర్లేదు. ఉన్న యాంప్‌నే, అందులో ఉన్న రెండు మూడు చానెళ్ళనే, వాయించే చోటుకీ వాయించే పాటకీ తగ్గట్టు అమర్చుకోవడం ఒక విద్య. ఓపికగా వినేవాళ్ళకి అది తప్పకుండా పట్టుబడుతుంది.

ముందు చోటు సంగతి చూద్దాం. సింధియా దాటి, కొండదారి ఎక్కి, డాల్ఫిన్స్ నోస్ అవతలి వైపుకి దిగితే యారాడ. మూడు దిక్కులా కొండలు, నాలుగో దిక్కున బంగాళాఖాతం, మధ్యలో ఊరు, కొబ్బరిచెట్లు, రిసార్టులు. కంటికి ఆ కొండలు చుట్టూ కట్టిన గోడల్లా కనిపించినా అవి యాంప్‌కి చాలా దూరం. అక్కడి దాకా వెళ్ళి తిరిగొచ్చే ధ్వని మన టోన్‌కి బలం ఇవ్వదు. ఇంట్లో అయితే వెనక గోడ, కింద నేల, పక్కన మూల కలిసి బేస్‌ని ఎత్తి చూపిస్తాయి. ఇసుక మీద ఆ సాయం ఉండదు. పైగా ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెళ్ళు పడిపోతుంది. యాంప్‌కి 2 మీటర్ల దూరంలో నిలబడ్డ మీకు వినిపించేదానికీ, 16 మీటర్ల దూరంలో కుర్చీలో కూర్చున్నవాళ్ళకి చేరేదానికీ 18 డెసిబెళ్ళ తేడా వస్తుందన్నమాట. ఆ చేరిన కాస్త మీద కెరటాల హోరు పడుతుంది. యారాడ కెరటాలు బలమైనవి. వాటి హోరులో అన్ని స్థాయుల శబ్దమూ కలిసే ఉంటుంది కాబట్టి, గిటార్‌లోని సన్నని మెరుగులన్నీ అందులో కలిసిపోతాయి.

రెండో కారణం మన చెవి. విశాఖ ఓడరేవు ప్రారంభమైన 1933లోనే అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌కి చెందిన ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మనిషి వినికిడి మీద చేసిన పరిశోధనని ప్రచురించారు. శబ్దం నెమ్మదిగా ఉన్నప్పుడు చెవి బేస్‌నీ, బాగా పైస్థాయి ట్రెబుల్‌నీ తక్కువగా అందుకుంటుంది. శబ్దం పెరిగేకొద్దీ ఆ రెండూ వేగంగా పైకి లేచి వస్తాయి. రాత్రిపూట ఇంట్లో, పక్కవాళ్ళు లేస్తారేమోనని చిన్నగా పెట్టుకుని వాయించేటప్పుడు మనం ఏం చేస్తాం? బేస్ పెంచుతాం, ట్రెబుల్ పెంచుతాం, అడ్డంగా వినిపిస్తున్న మిడ్‌ని తగ్గించేస్తాం. చెవికి ఇంపుగానే ఉంటుంది. అదే అమరికని వేదిక మీద పది రెట్లు శక్తితో మోగిస్తే బేస్ బొంయ్‌మంటుంది, ట్రెబుల్ చెవిలో గుచ్చుకుంటుంది. గిటార్ అని గుర్తుపట్టాల్సిన మధ్యభాగమేమో ఉండదు.

మృదంగ విద్వాంసుడు ఇంట్లో శ్రుతి సరిచూసుకున్నా, సభలో కూర్చున్నాక మళ్ళీ రాయి అందుకుంటాడు. చోటు మారితే చర్మం మారుతుందని ఆయనకి తెలుసు. ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాళ్ళకి కూడా ఆ అలవాటే కావాలి. యాంప్ మీద చేసే అమరికంతా, నిజంగా వాయించబోయే మోతలో, వీలైతే నిజంగా వాయించబోయే చోట, తోటివాళ్ళు వాయిస్తుండగా చెయ్యాలి. ఈ అధ్యాయంలో మిగతాదంతా ఈ మాటని ఆచరణలో పెట్టడం గురించే.

చానెల్ అంటే ఏమిటో మొదట స్పష్టం చేసుకుందాం. 1950ల్లో, 60ల్లో వచ్చిన చాలా యాంప్‌లకి రెండు చానెళ్ళు ఉండేవి గానీ, అవి ఇద్దరు వాద్యకారులు ఒకే పెట్టెలో తీగలు గుచ్చుకోవడానికి, లేదా ఒకదాంట్లో గిటారూ ఇంకోదాంట్లో మైకూ పెట్టుకోవడానికి. ఒకే మనిషి కాలితో స్విచ్ నొక్కి ఒక టోన్ నుంచి ఇంకో టోన్‌కి దూకడం 1970ల చివర్లో మీసా బూగీ యాంప్‌లతో బాగా ప్రచారంలోకి వచ్చింది. ఆ తరువాత మార్షల్ నుంచి పీవీ దాకా అందరూ ఆ దారి పట్టారు. ఇవాళ మన చేతికొచ్చే యాంప్‌లలో ఎక్కువభాగం క్లీన్, క్రంచ్, లీడ్ అని మూడు చానెళ్ళతోనో, లేదా క్లీన్, ఓవర్‌డ్రైవ్ అని రెండింటితోనో ఉంటాయి.

ఈ పేర్లు చూసి మోసపోకండి. యాంప్ తయారుచేసినవాడు లీడ్ అని రాశాడు కదా అని సోలోలన్నీ అందులోనే వాయించాలని లేదు. నాబ్‌ల మీద చెయ్యి వెయ్యకముందు ఒక కాగితం తీసుకోండి. ఆ సాయంత్రం వాయించబోయే పాటలు రాసుకోండి. ఒక్కొక్క పాటలో గిటార్ చెయ్యాల్సిన పని ఏమిటో పక్కన రాయండి. ఇళయరాజా పాట అయితే తీగలు విడివిడిగా పలకాలి, గాయని గొంతు కింద పరుచుకోవాలి. మాస్ పాట అయితే ప్యాడ్స్‌తో కలిసి దరువు పట్టాలి. ఇంకొక చోట పల్లవికీ చరణానికీ మధ్య ఎనిమిది బార్‌ల సోలో ఉంటుంది. అన్ని పాటలూ రాశాక చూస్తే మీకు కావలసిన టోన్‌లు రెండో మూడో తేలతాయి. అంతకంటే ఎక్కువ తేలవు. ఏ పనికి ఏ చానెల్ అన్నది అప్పుడు నిర్ణయించుకోండి. ఎక్కువసేపు వాడబోయే చానెల్‌కే ఎక్కువ సమయం ఇవ్వండి. మన ఆర్కెస్ట్రాల్లో అది దాదాపు ఎప్పుడూ క్లీనే. విచిత్రమేమిటంటే గిటారిస్టులు తమ సమయంలో ఎక్కువ భాగం ఖర్చుపెట్టేది లీడ్ చానెల్ మీద.

క్లీన్ చానెల్ విలువ తెలియాలంటే పాలకొల్లు వైపు చూడాలి. 1969లో అక్కడ పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని పలికించాడు. మామూలు మాండలిన్‌కి జంటతీగలు నాలుగు వరసలు ఉంటాయి. మీటిన స్వరం చప్పున ఆరిపోతుంది. గమకానికి అది చాలదు. స్వరం నిలిస్తేనే దాన్ని ఊపగలం, జార్చగలం. శ్రీనివాస్ గట్టికర్ర ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, జంటతీగల బదులు ఒంటితీగలు పెట్టి, కిందిస్థాయి కోసం అయిదో తీగ చేర్చుకున్నాడు. యాంప్లిఫయర్ సాయంతో స్వరం నిలిచింది. ఆ వాద్యంతోనే రిమెంబర్ శక్తి బృందంలో జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌ల సరసన కూర్చున్నాడు. 2014లో ఆయన వెళ్ళిపోయేనాటికి మాండలిన్ అంటే దక్షిణాదిలో ఆయన పేరే. శ్రీనివాస్ రికార్డింగులు ఒకసారి టోన్ కోసం మాత్రమే వినండి. డిస్టార్షన్ లేదు. స్వరానికి నిడివి ఉంది, మొదలుకి అంచు ఉంది, వేగంగా వెళ్ళినప్పుడు ఏ రెండు స్వరాలూ ఒకదాని మీద ఒకటి పడవు. మన చెవికి పరిచయమైన సంగీతానికి కావలసిన క్లీన్ టోన్ అదే. తెలుగు గిటారిస్టుకి ఇంత దగ్గరలో ఇంత గొప్ప పాఠం ఉండగా, వేరే దేశాల యాంప్ సెట్టింగుల కోసం మాత్రమే వెతుక్కోవడం నాకు నచ్చదు.

ఆ క్లీన్‌ని అమర్చే పద్ధతి ఇది. గెయిన్ తగ్గించి, వాల్యూమ్ కచేరీ స్థాయికి తెచ్చి, మీరు ఎంత బలంగా మీటగలరో అంత బలంగా ఒక పూర్తి కార్డ్ మీటండి. అంచులు గరగరలాడితే గెయిన్ కొంచెం తగ్గించండి. గరగర సరిగ్గా పోయే చోట ఆపండి. ఇంకా కిందకి తీసుకెళ్తే టోన్ సన్నబడుతుంది. ఇప్పుడు అదే కార్డ్‌ని చాలా మెత్తగా మీటండి. మెత్తదనానికీ బలానికీ మధ్య తేడా చేతిలో తెలుస్తుంటే క్లీన్ కుదిరినట్టే.

ఇక టోన్ నాబ్‌లు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే ఇక్కడే అపోహలు ఎక్కువ. బేస్, మిడ్, ట్రెబుల్ మూడూ మధ్యలో, అంటే పన్నెండు గంటల దగ్గర ఉంటే టోన్ సమతూకంలో ఉన్నట్టేనని అనుకుంటాం. ఫెండర్, మార్షల్ తరహా యాంప్‌లలో అది నిజం కాదు. వాటిలోని టోన్ సర్క్యూట్ దేన్నీ పెంచదు, తగ్గించడమే దాని పని. నాబ్‌లన్నీ మధ్యలో ఉన్నప్పుడు కూడా మిడ్ భాగం లోతుగా కోతపడే ఉంటుంది. పాత ఫెండర్లలో మూడింటినీ పూర్తిగా సున్నాకి తిప్పితే శబ్దం దాదాపు ఆగిపోతుంది. మిడ్ ఒక్కటే చివరిదాకా తిప్పి, మిగతా రెండూ సున్నాలో పెట్టినప్పుడే గిటార్ అసలు స్వభావానికి దగ్గరగా వినిపిస్తుంది. అంతేకాదు, ఈ మూడు నాబ్‌లూ ఒకదాని పని ఇంకొకదాన్ని తాకేలా కలిపి ఉంటాయి. ట్రెబుల్ బాగా పెంచేస్తే మిడ్, బేస్ నాబ్‌లు తిప్పినా తేడా అంతగా తెలియదు. అందుకే అంకెలు చూసి పెట్టుకోవడం కుదరదు. చెవితోనే పెట్టాలి.

గిటార్ శబ్దం ఎక్కడుంటుందో తెలిస్తే ఈ పని తేలిక. అన్నిటికంటే కింది తీగ ఊరికే మీటితే 82 హెర్ట్జ్. మామూలు గిటార్ స్పీకరు 5,000 హెర్ట్జ్ దాటాక పెద్దగా పలకదు. ఈ మధ్యలోనే మన బతుకంతా. అడుగున బేస్ గిటార్ 41 హెర్ట్జ్ నుంచి కాచుకుని ఉంటుంది. అక్కడే డోలక్, ప్యాడ్స్‌లోని బరువైన దెబ్బలు ఉంటాయి. పైన 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ దగ్గర గాయకుల హల్లులు ఉంటాయి. పాట మాట అర్థమయ్యేది ఆ భాగం వల్లే. మధ్యలో కీబోర్డు రెండు చేతులా పరుచుకుని ఉంటుంది. గిటార్‌కి కండ ఇచ్చేది సుమారు 400 నుంచి 800 హెర్ట్జ్ వరకూ ఉన్న భాగం. మిడ్ నాబ్ చేతిలో ఉన్నది అదే.

అందుకని మిడ్‌తో మొదలుపెట్టండి. తోటివాళ్ళు ఒక పాట వాయిస్తూ ఉండగా, మిడ్‌ని సున్నా నుంచి చివరిదాకా చాలా నెమ్మదిగా తిప్పుతూ వెళ్ళండి. ఒక చోట గిటార్ బృందంలోంచి ముందుకి అడుగేసినట్టు తెలుస్తుంది. ఇంకాస్త తిప్పితే ముక్కుతో మాట్లాడినట్టు అవుతుంది. ఆ రెంటికీ మధ్య ఆపండి. తరువాత ట్రెబుల్. గాయకుడి మాట స్పష్టంగా వినిపిస్తూ, మీ మీటు మొదలు కూడా వినిపించే చోటు వెతకండి. బేస్ చివర. సున్నా నుంచి పెంచుకుంటూ రండి, బేస్ గిటార్ స్వరాలు మసకబారడం మొదలవ్వగానే ఒక అడుగు వెనక్కి వెయ్యండి. ఒక్కసారికి ఒక్క నాబే తిప్పాలి. తిప్పాక ఒక చరణం పూర్తిగా వాయించి వినాలి. రెండు నాబ్‌లు ఒకేసారి తిప్పితే, బాగుపడినా చెడినా, ఎందువల్లో తెలియదు. తెలియనిది మళ్ళీ చెయ్యలేం. ఈ క్రమశిక్షణ నేర్చుకున్న గిటారిస్టు కొత్త యాంప్ ముందు, కొత్త ఊళ్ళో, పది నిమిషాల్లో తన టోన్ తెచ్చుకుంటాడు.

నేను మిడ్ పక్షమేనని ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. మిడ్ లాగేసిన డిస్టార్షన్ ఒంటరిగా వింటే గంభీరంగా ఉంటుంది. దాన్ని ఇష్టపడొద్దని అనను. కెరటాల ఒడ్డున, కీబోర్డు పక్కన అది నిలవదు, అంతే.

క్రంచ్, లీడ్ చానెళ్ళలో మొదట లొంగదీసుకోవలసింది గెయిన్‌ని. గెయిన్ పెంచేకొద్దీ అలల శిఖరాలు తెగిపోయి టోన్ గరుకెక్కుతుంది. అదే సమయంలో మెత్తటి మీటుకీ గట్టి మీటుకీ మధ్య తేడా చచ్చిపోతుంది, గిటార్ లోపలి ప్రతి రొద పైకొస్తుంది, కొంతసేపటికి ఈల మొదలవుతుంది. ఒక హద్దు దాటాక గెయిన్ పెంచినా శబ్దం పెద్దది కాదు, మరింత నలిగిపోతుంది. మీకు ఎంత కావాలనిపిస్తుందో అంత పెట్టి, అందులోంచి పావువంతు తీసెయ్యండి. మొదటి రోజు చేతికి కష్టంగా ఉంటుంది; ఇంతకాలం గెయిన్ దాచిపెట్టిన తడబాట్లు బయటపడతాయి. ఆ కష్టమే వేళ్ళకి మంచి గురువు.

ఒక చిన్న పరీక్ష ఉంది. క్రంచ్‌లో షడ్జమం, పంచమం కలిపి మీటండి. గట్టిగా, నిండుగా వినిపిస్తుంది. ఇప్పుడు దానికి గాంధారం కలపండి. గజిబిజి అయిందా? డిస్టార్షన్‌లో రెండు స్వరాలు కలిసినప్పుడు వాటి తేడాల నుంచీ, కూడికల నుంచీ కొత్త స్వరాలు పుడతాయి. స, ప కలిస్తే పుట్టేవి వాటితో పొంతన కుదిరేవే. గాంధారం చేరితే పొంతనలేనివి పుడతాయి. రాక్ సంగీతంలో పవర్ కార్డ్‌లు అంత ఎక్కువగా ఎందుకున్నాయో దీనితో అర్థమవుతుంది. మీ పాటలో పూర్తి కార్డ్‌లే అవసరమైతే, గాంధారం విడిగా వినిపించేదాకా గెయిన్ తగ్గించడమే దారి.

యాంప్‌లో టోన్ నాబ్‌లు గెయిన్‌కి ముందున్నాయా, తరువాతా అన్నది కూడా తెలుసుకోవాలి. మార్షల్ జేసీఎమ్ 800, మీసా రెక్టిఫయర్ లాంటి వాటిలో డిస్టార్షన్ పుట్టాక టోన్ సర్క్యూట్ వస్తుంది. అక్కడ బేస్ నాబ్ పెంచితే పుట్టిన శబ్దానికి బరువు పెరుగుతుంది. మీసా మార్క్ వరసలో టోన్ నాబ్‌లు లీడ్ గెయిన్‌కి ముందే ఉంటాయి. అక్కడ బేస్ పెంచితే డిస్టార్షన్ పుట్టేటప్పుడే బురదలా తయారవుతుంది. అందుకే వాటిని వాడేవాళ్ళు బేస్‌ని దాదాపు సున్నాకి దింపి, చివర్లో ఉండే అయిదు మీటల గ్రాఫిక్ ఈక్వలైజర్‌లో 80 హెర్ట్జ్ మీటతో బరువు తిరిగి తెచ్చుకుంటారు. మీ యాంప్ ఏ రకమో పుస్తకం లేకపోయినా చెవికి తెలుస్తుంది. లీడ్ చానెల్‌లో బేస్ నాబ్ పైదాకా తిప్పి, కింది తీగని అరచేత్తో నొక్కిపట్టి మీటండి. దెబ్బ బరువెక్కితే మొదటి రకం, దెబ్బ పాడైపోయి సాగిలపడితే రెండో రకం.

అన్ని చానెళ్ళకీ ఒకే టోన్ నాబ్‌లున్న యాంప్ మీదైతే, ఎక్కువసేపు వాడే చానెల్‌కి వాటిని కుదర్చండి. మిగతా చానెల్‌ని గిటార్ మీద ఉన్న వాల్యూమ్, టోన్ నాబ్‌లతో, పికప్ మార్పుతో సర్దుకోండి. గిటార్ వాల్యూమ్‌ని పదినుంచి ఏడుకి దించితే క్రంచ్ చానెల్ చాలావరకు శుభ్రపడుతుంది. మంచి చెయ్యి ఉన్నవాళ్ళు ఒక్క చానెల్‌తోనే సాయంత్రమంతా గడిపేస్తారు. బాస్ కటానా లాంటి డిజిటల్ యాంప్‌లలో ప్రతి అమరికనీ విడిగా దాచుకోవచ్చు. దాని 50 వాట్ల రకంలో 50, 25, అర వాట్ అని మూడు మెట్లు కూడా ఉన్నాయి. రాత్రి సాధనకి ఆ అర వాట్ వరమే. కానీ అర వాట్‌లో దాచిన టోన్‌ని యారాడలో 50లో పెట్టి, అది కుదరలేదని యాంప్‌ని తిట్టొద్దు. యారాడకి వేరే అమరిక దాచుకోండి, దానికి యారాడ అనే పేరు పెట్టుకోండి.

చానెళ్ళ మధ్య శబ్దస్థాయి పొంతన గురించి ఎవరూ పెద్దగా రాయరు. కార్యక్రమాలు చెడేది ఎక్కువగా ఇక్కడే. క్లీన్ శబ్దానికి శిఖరాలు ఎత్తుగా ఉంటాయి, వెంటనే దిగిపోతాయి. డిస్టార్షన్ శబ్దం ఒకే మట్టంలో ఒత్తుగా సాగుతుంది. ఇంట్లో ఒంటరిగా వాయించినప్పుడు ఒకే స్థాయిలో ఉన్నాయనిపించిన ఈ రెండూ బృందంతో కలిశాక వేరుగా ప్రవర్తిస్తాయి. అందుకని ముందు క్లీన్‌ని గాయకుడి గొంతుకి కొంచెం కింద నిలబెట్టండి. అది మీ నేల. క్రంచ్‌ని అదే పాటలో మార్చి మార్చి వాయిస్తూ, మారినప్పుడు వినేవాళ్ళు ఉలిక్కిపడని చోట నిలపండి. లీడ్‌ని మాత్రం దానికంటే సుమారు 3 డెసిబెళ్ళు పైకి పెట్టండి. అంటే కాస్త ముందుకొచ్చినట్టు, గట్టిగా అరిచినట్టు కాదు. చెవికి శబ్దం రెట్టింపైనట్టు అనిపించడానికి 10 డెసిబెళ్ళు, అంటే పదింతల శక్తి కావాలి. 50 వాట్ల యాంప్ తీసేసి 100 వాట్లది తెచ్చినా మీకు దక్కేది ఆ 3 డెసిబెళ్ళే. సోలో వినిపించడం లేదని కొత్త యాంప్ కొనబోయేవాళ్ళు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి. మిడ్ నాబ్‌ని కాస్త తిప్పితే అంతకంటే ఎక్కువే దొరుకుతుంది, ఉచితంగా.

ఇది సరిచూడటానికి మీ చెవి చాలదు. వాయించేవాడి చెవి యాంప్ పక్కన ఉంటుంది, మనసు వేళ్ళ మీద ఉంటుంది. నమ్మకమైన ఒక మనిషిని 15, 20 మీటర్ల దూరంలో నిలబెట్టండి. బాగుందా అని అడగొద్దు, మొహమాటానికి బాగుందనే అంటారు. గాయని మాటలు తెలుస్తున్నాయా, గిటార్ విడిగా వినపడుతోందా, సోలోలో ఎక్కడైనా చెవి నొప్పి పుట్టిందా అని అడగండి. చెప్పినది చేదుగా ఉన్నా అక్కడికక్కడే సర్దుకోండి. బృందంలో చోటు ఇచ్చిపుచ్చుకోవడం ఇలాంటి చిన్న సర్దుబాట్లతోనే అలవడుతుంది. గాయని గొంతుకి దారి వదిలిన గిటారిస్టుని మరుసటి కార్యక్రమానికి ఆమే పిలుస్తుంది.

ప్రెజెన్స్ నాబ్ పవర్ యాంప్‌లో ఉండి అన్ని చానెళ్ళ పైఅంచుని కదుపుతుంది. దాన్ని చివర్లో, పూర్తి మోతలో ఉన్నప్పుడే ముట్టుకోండి. రివర్బ్ ఇంట్లో కంటే యారాడలో కాస్త ఎక్కువ పడుతుంది, ఆరుబయట ప్రతిధ్వని లేదు కాబట్టి. అదే అమరికని గురజాడ కళాక్షేత్రం లాంటి హాల్లో పెడితే ముద్ద అవుతుంది. డిలే, రివర్బ్ పెడల్స్ వాడేవాళ్ళు, యాంప్ వెనక ఎఫెక్ట్స్ లూప్ ఉంటే అందులో పెట్టుకోవాలి. ముందు పెడితే లీడ్ చానెల్ ఆ ప్రతిధ్వనుల్ని కూడా నలిపి గరుకు చేస్తుంది.

స్పీకర్ ఎటు చూస్తోందో గమనించండి. ట్రెబుల్ స్పీకర్‌కి ఎదురుగా, సన్నని దారిలో పోతుంది. నేల మీద పెట్టిన యాంప్ ట్రెబుల్ మీ మోకాళ్ళకి వినిపిస్తుంది, చెవులకి కాదు. మీరు మొద్దుగా ఉందని ట్రెబుల్ పెంచుతారు, ముందు వరసలో కూర్చున్నవాళ్ళు చెవులు మూసుకుంటారు. యాంప్‌ని కుర్చీ మీద పెట్టండి, లేదా వెనక్కి వాల్చి చెవి వైపు తిప్పండి. మైక్ పెడుతున్నట్టయితే స్పీకర్ నడిమధ్యలో పెడితే టోన్ పదునుగా, అంచువైపు జరిపితే మెత్తగా వస్తుంది. 1965 నుంచి ఈ పనికి ప్రపంచమంతా వాడుతున్న షూర్ ఎస్ఎమ్ 57 మైక్‌తో రెండు వేళ్ళ వెడల్పు జరిపినా తేడా తెలుస్తుంది. యాంప్ లేకుండా డిస్టార్షన్ పెడల్‌ని నేరుగా సౌండ్ వాళ్ళ మిక్సర్‌కి ఇస్తే మాత్రం తుమ్మెదల గుంపు వినిపిస్తుంది. గిటార్ స్పీకరు 5,000 హెర్ట్జ్ పైన కోసేసే గరగరనంతా పెద్ద స్పీకర్లు దాచకుండా మోగిస్తాయి. అలా ఇవ్వక తప్పకపోతే స్పీకర్ క్యాబినెట్‌ని అనుకరించే పెట్టె ఒకటి మధ్యలో ఉండాలి.

అన్నీ కుదిరాక నాబ్‌ల ఫొటో ఫోన్‌తో తీసుకోండి. ఏ చోటు, గాలి ఎటు, ఎంతమంది జనం అన్నది కింద రాసుకోండి. కొన్ని కార్యక్రమాలకి మీ దగ్గర సొంత పుస్తకం తయారవుతుంది, దాన్ని మించిన మార్గదర్శి ఉండదు.

కరెంట్ విషయంలో మొహమాటం వద్దు. అమెరికాలో ఉన్న బాబాయో అక్కయ్యో తెచ్చిపెట్టిన యాంప్ వెనక 120 వోల్ట్‌లు అని ఉంటే, దాన్ని మన 230 వోల్ట్‌ల ప్లగ్‌లో పెట్టకూడదు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అది కూడా యాంప్ వెనక రాసిన వాట్లకంటే ఎక్కువ సామర్థ్యంది, మూడు పిన్నులతో ఎర్త్ ఉన్నది. 100 నుంచి 240 వోల్ట్‌లు అని రాసి ఉంటే నేరుగా పెట్టుకోవచ్చు. హమ్ వస్తోందని ఎవరైనా ఎర్త్ పిన్ తీసెయ్యమంటే వినొద్దు. తడి ఇసుక మీద, ఉప్పుగాలిలో, ఒక చేత్తో గిటార్ తీగలు పట్టుకుని పెదాలు మైక్‌కి ఆనించేవాడికి ఆ మూడో పిన్నే ప్రాణం. వాల్వ్ యాంప్‌ని స్పీకర్ తగిలించకుండా ఆన్ చెయ్యొద్దు, ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. ఆ యాంప్ వెనక మూత తియ్యనే తియ్యొద్దు. ఆపేశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసే వోల్టేజి ఉండవచ్చు.

రాత్రి 10 దాటితే ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. సౌండ్ చెక్‌కి వెలుగు ఉండగానే చేరుకోండి. 100 డెసిబెళ్ళ మోత దగ్గర రోజుకి 15 నిమిషాలు మించి చెవుల్ని ఉంచకూడదని వినికిడి నిపుణుల లెక్క. డ్రమ్స్ పక్కన నిలబడేవాళ్ళు చెవిలో పెట్టుకునే ప్లగ్స్ కొనుక్కోవాలి. పెడల్ కొనే డబ్బులో పదోవంతు కూడా అవవు.

యారాడ నుంచి ఇంటికి చేరిన రాత్రి, ఎంత అలసిపోయినా, తీగల్ని పొడిబట్టతో తుడవండి. యాంప్ పైనా, నాబ్‌ల చుట్టూ, జాక్‌ల అంచులా అంటిన ఉప్పుతేమని కూడా తుడవండి. నాబ్ తిప్పినప్పుడు కరకరమంటే వారం ఆగకుండా కాంటాక్ట్ క్లీనర్ కొట్టించండి. సముద్రం పక్కన బతికే గిటారిస్టుల వాద్యాలకి తుప్పు తొందరగా పడుతుంది.